హమేషా సాబ్ శాలువా

ఖతర్ దేశం దుఖాన్‌ల, నూనె కంపెనీ క్వార్టర్ల లాండ్రీల పదకొండేండ్లు పనిచేసిన. అన్నేండ్లల నేను ఉతకనని వాపసు ఇచ్చిన బట్ట ఒక్కటే. పోయిన చలికాలం మొదట్ల, నవంబర్‌ల, హామిష్ సార్ తెచ్చిన శాలువా అది.

హామిష్ సార్ మడ్ ఇంజినీర్. నూనె బాయి తవ్వేటప్పుడు లోపలికి పోసే మట్టినీళ్ళు ఎంత చిక్కగ ఉండాలె, ఎంత పల్చగ ఉండాలె అని చూసుడే ఆయన పని. స్కాట్లండ్ ఆయన. అరువై దగ్గరికి వచ్చిండు, పెండ్లి కాలేదు. ఇరువై ఏండ్ల సంది దుఖాన్‌లనే ఉన్నడు. గేటు కాడ సెక్యూరిటీ చేసే పాకిస్తాన్ ఆయన ముజఫ్ఫర్ అలీ, హామిష్‌ను హమేషా చేసిండు. "ఎప్పుడు చూసినా ఈడనే ఉంటడు గద, హమేషా సాబ్ అంటేనే సరిగ్గ ఉంటది" అనేటోడు. క్యాంప్‌ల అందరికి అదే పేరు నిలవడ్డది. సార్‌కు కూడ తెలుసు, ఏమనకపోయేది.

ఆ దినం ఆయన ఒక అట్టపెట్టె పట్టుకొని కౌంటర్ కాడికి వచ్చిండు. లోపల కాగితాల నడుమ మడతవెట్టిన గళ్ళ శాలువా, ఊలుది. ఆకుపచ్చ, నీలం, నడుమ నడుమ సన్నగ పసుపు గీత.

"ఫిబ్రవరి లోపల ఇది శుభ్రంగ కావాలె రాజేందర్. నేను కప్పుకోవాలె" అన్నడు.

విప్పి లైటు కింద పట్టిన. నిండ పురుగు తిన్న బొక్కలు. మడత పడ్డకాడ అడ్డం పోగులు పోయి నిలువు పోగులే మిగిలినయి. వేలు పెడితే తెగేటట్టున్నది.

"సార్, మిషన్‌ల వేస్తే ఇది శాలువా లెక్క బయటికి రాదు. చేత్తోని ఉతికినా రాదు."

"రఫు చేయిస్తే?"

"రఫు చెయ్యాలంటే బొక్క చుట్టూ గట్టి గుడ్డ ఉండాలె. దీంట్ల గట్టి జాగ ఏడ లేదు."

ఆయన నా చేతుల దిక్కు చూస్తున్నడు. మాట్లాడుకుంటనే నేను గోరుతోని పోగులు లెక్కవెడుతున్న. నాకే తెల్వకుండ. పచ్చ నలభై ఎనిమిది, నీలం ఇరువై నాలుగు, పసుపు నాలుగు, మళ్ళ నీలం.

"నువ్వు దర్జీవా?" అని అడిగిండు.

"కాదు సార్. మాది సిరిసిల్ల. మా ఇంట్ల నేత పని, తాతల నుంచి. కరెంటు సాంచాలు వచ్చినంక చేతిమగ్గం మూలకు పడ్డది. నేను గిట్ల వచ్చిన."

ఆయన శాలువాను మళ్ళ మడతవెట్టి పెట్టెల పెట్టుకున్నడు. "శుక్రవారం చాయ్‌కి రా" అని పోయిండు. పదకొండేండ్లల ఏ ఇంజినీర్ నన్ను చాయ్‌కి పిలువలె.

శుక్రవారం పొద్దున పోయిన. వరండాల రెండు కుర్చీలు వేసిండు. చాయ్ ఆయనే పెట్టిండు. ఆయన ఇంగ్లిష్ల చెప్పిందంతా నాకు సమజ్ కాలేదు గని, సమజ్ కానిది మళ్ళ మళ్ళ చెప్పిండు.

అక్టోబర్‌ల ఆయన అన్న చనిపోయిండట. ఆ అన్న మెక్‌ఆర్డ్రీ అనే వంశానికి పెద్ద. పైంగ లార్డ్. పిల్లలు లేరు. అందుకని ఆ రెండూ ఈయన మీదికి వచ్చినయి.

"లార్డ్ అంటే రాజా సార్?"

"కాదు. లండన్‌ల పెద్ద సభ ఉంటది. మా నాయిన దాంట్ల కూసునేటోడు. ముప్పై ఏండ్లల రెండు సార్లు మాట్లాడిండు. ఒకసారి గొర్రెల గురించి, ఒకసారి పడవల గురించి. ఇప్పుడు నాకు అక్కడ కుర్చీ లేదు. ఉత్తరాల మీద పేరు ముందట రాస్తరు, అంతే."

"మరి కోట ఉంటది గద?"

"ఉన్నది. పైకప్పు లేదు. లోపల గొర్రెలుంటయి. ఆ గొర్రెలు కూడ మావి కావు."

నాకు నవ్వు వచ్చింది. నవ్వచ్చో లేదో తెల్వక చాయ్ గిలాస దిక్కు చూసిన. ఆయనే ముందు నవ్విండు.

మిగిలింది ఒక గుట్టనట. దాని మీద వాళ్ళ పెద్దల సమాధులు. ఇంక ప్రపంచం నిండ వాళ్ళ ఇంటిపేరు జనం. రెండు వందల ఏండ్ల కింద తిండికి లేక పడవలెక్కి కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పోయినోళ్ళ పిల్లల పిల్లలు.

"మా లెక్కనే" అన్న.

"అవును. మీ లెక్కనే."

కొత్త పెద్దను చూడాలని ఆ జనం ఒక్కటే ఉత్తరాలు రాస్తున్నరు. మే నెల దాక డ్రిల్లింగ్ పని విడిచి ఈయన కదలనీకి లేదు. ఆఖరుకు వాళ్ళే ఒక మాట అనుకున్నరు. న్యూజిలాండ్‌కు, కెనడాకు, స్కాట్లండ్‌కు నడుమ పడేది దోహానే గద, మేమే అక్కడికి వస్తమన్నరు. ఫిబ్రవరిల, అరువై రెండు మంది. ఆ దినం పెద్ద ఈ శాలువా కప్పుకొని వాళ్ళ ముందట నిలవడాలె. ఈ గళ్ళు ఆ వంశానివే, వేరేటోళ్ళవి కావు. దాన్ని నేసే మిల్లు ఎప్పుడో మూతపడ్డది. వేరే మిల్లును అడిగితే వచ్చే ఏడు చూద్దామన్నరట.

ఆయన నా గిలాసల ఇంకింత చాయ్ పోసిండు. తర్వాత అడిగిండు.

"మీ దిక్కు కూడ కులపెద్ద అని ఉంటడట గద. ఆయన ఏం చేస్తడు?"

ఎన్నడు ఆలోచించలె. "పెండ్లయితే అందరికన్న ముందు ఆయన్ను పిలుస్తరు. ఎవరన్న చనిపోతే అందరికన్న ముందు ఆయన వస్తడు. కొట్లాటయితే నడుమ కూసుంటడు" అన్న.

"నడుమ కూసుంటడు" అని ఆయన మెల్లగ అనుకున్నడు. "నేను రెండో కొడుకును రాజేందర్. నాకు ఎవరు నేర్పలె. నాకు మట్టినీళ్ళ సంగతే తెలుసు."

అప్పుడు నా నోట్లకెళ్ళి వచ్చింది, "సార్, శాలువా నేను నేస్త."

అన్నంక గుర్తుకు వచ్చింది. మగ్గం సిరిసిల్లల ఉన్నది, నేను దుఖాన్‌ల ఉన్న. నాకు కూడ మే దాక లీవ్ లేదు.

ఆయన లోపలికి పోయి శాలువా తెచ్చిండు. లెక్క రాసుకోనీకి బల్ల మీది కాగితం ఒకటి తీసి, రాయని దిక్కు తిప్పి ఇచ్చిండు. గంటన్నర కూసొని ఒక గడి మొత్తం రాసిన. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళ ఆ చివర నుంచి ఈ చివరకు. నిలువు పడుగుల ఏ లెక్కనో అడ్డం పేకల అదే లెక్క. నేత కూడ మామూలుది కాదు, ఏటవాలుగ పోతది. దానికి మగ్గం కింద నాలుగు తొక్కుడు కట్టెలు కావాలె. మా మగ్గానికి రెండే.

ఆ మాపు రాణికి వీడియో కాల్ చేసిన. నా భార్య ఇంటి ముందట కూసొని ఒళ్ళె చాట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. మా బిడ్డ ఫోన్ పట్టుకున్నది.

"మగ్గం కట్టెలు ఏడున్నయి?" అని అడిగిన.

"అటక మీదున్నయి. ఎందుకు, అమ్ముతవా?"

సంగతంతా చెప్పిన. కాగితం చూపెట్టిన. ఆమె బీడీ చుట్టుడు ఆపలేదు గని కండ్లు కాగితం మీదనే ఉన్నయి.

"లుంగీ గళ్ళే గద" అన్నది.

"లుంగీ కాదు. నాలుగు కట్టెలు కావాలె. మా తమ్మునికి చెప్దామా, వాడు నేస్తడా?"

"మీ తమ్ముడు సాంచా మీద బటన్ వొత్తుడు తప్ప ఇంకేం ఎరుగడు. నేను నేస్త."

"నువ్వా? పన్నెండేండ్లాయె నువ్వు మగ్గం మీద కూసోక."

"కూసోమని ఎవరన్నరు?" అన్నది. చాట పక్కకు పెట్టింది. "మా అవ్వింట్ల నేను నేసిన చీరె చూసే గద మీ నాయిన సంబంధం ఖాయం చేసింది. కట్టెపని చేసే వడ్ల సాయిబాబుకు చెప్పి ఇంకో రెండు కట్టెలు పెట్టిస్త. నువ్వు లెక్క పంపు."

సార్‌కు చెప్పిన. ఊలు దొరకదు, గొంగడి ఊలు దొరుకుతది గని అది కప్పుకుంటే మెడంతా గీరుకపోతది, నూలుతోనే నేస్తమన్న. "ఈ దేశంల ఊలు కప్పుకొని నిలవడితే అరగంటల కింద పడిపోత. నూలే మంచిది" అన్నడు.

డిసెంబర్ అంతా ఫోన్‌లనే నడిచింది. లాండ్రీల కవరాల్స్ ఇస్త్రీ చేసుకుంట చెవుల ఫోన్ తీగె పెట్టుకునేది. సాయిబాబు కట్టెలు పెట్టిండు. రంగుల ఆయన నీలం ముదురు చేస్తే రాణి పోయి కొట్లాడి మళ్ళ వేయించింది. పడుగు కోసం ఆసు పోసింది. ఎదిరింటి ఆడోళ్ళు వచ్చి పడుగు పట్టిండ్రు. ఒక శుక్రవారం ఫోన్‌ల మగ్గం చప్పుడు విన్న. నడుస్తున్న ఇస్త్రీని పక్కకు పెట్టి నిలవడ్డ. అయిదు నిమిషాలు అట్లనే విన్న.

జనవరి మూడో వారంల రాణి ఫోటో పంపింది. శాలువా సగం అయింది. ఫోటో పెద్దగ చేసి లెక్కవెట్టిన. పసుపు గీత నాలుగు పోగులు ఉండాలె. ఆరున్నయి.

ఫోన్ చేసిన. "పసుపు ఆరు వేసినవు."

"అవును, వేసిన."

"పడుగుల?"

"పడుగుల కూడ ఆరే. మొదటనే వేసిన. నీకు చెప్పలె."

పేకల తప్పు పోతే ఇప్పచ్చు. పడుగుల ఉంటే అంతా తీసి మళ్ళ మొదటి నుంచి పొయ్యాలె. మూడు వారాలే ఉన్నయి.

"నాలుగంటే నాలుగు వెయ్యాలె. అది వాళ్ళ వంశం లెక్క. నీ ఇష్టమా?"

"నూలు సన్నం. నాలుగు వేస్తే కనవడుతలేదు. చేసి చూసిన."

"నిన్ను చూడుమన్ననా? చెప్పింది చెయ్యుమన్న. ఇప్పు."

"ఇప్పనంటే ఇప్పను" అని ఫోన్ పెట్టేసింది.

రెండు దినాలు ఎత్తలె. మా బిడ్డ ఎత్తి, "అవ్వ మాట్లాడనన్నది నాయినా. మగ్గం మీద కూడ కూసుంటలేదు" అన్నది.

మూడో దినం సార్ తన అంగీల కోసం వచ్చిండు. నా మొఖం చూసి ఏమైందని అడిగిండు. చెప్పిన. తప్పు మాదే, ఫిబ్రవరికి అందదు, మాఫ్ చెయ్యుండ్రి అన్న. ఆయన అంగీలు అక్కడనే పెట్టి స్టూల్ లాక్కొని కూసున్నడు.

"ఫోన్ చెయ్యి. నేను మాట్లాడుత."

"ఆమెకు ఇంగ్లిష్ రాదు సార్."

"నువ్వు చెప్పు నడుమ."

మా బిడ్డ ఎత్తితే సార్ ఉన్నడని చెప్పిన, అప్పుడు రాణి ఫోన్ తీసుకున్నది. కొంగు సవరించుకొని కూసున్నది. సార్ ముందు దండం పెట్టిండు. తర్వాత, "ఆరు ఎందుకు వేసినవో అడుగు" అన్నడు.

అడిగిన. ఆమె మగ్గం కాడికి పోయింది. ఒక పక్కన జానెడు నేసిన గుడ్డముక్క తెచ్చి చూపెట్టింది. దాంట్ల పసుపు నాలుగు పోగులే. "దగ్గర నుంచి చూస్తే ఉన్నది. నాలుగు అడుగులు వెనుకకు పోయి చూస్తే లేదు. ఊలు లావు ఉంటది, నూలు ఉండదు. అరువై మంది దూరం నుంచే చూస్తరు గద" అన్నది.

అది ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన ఆ ముక్కనే చూసిండు. తర్వాత నా దిక్కు తిరిగిండు.

"మగ్గం మీద నువ్వు కూసుంటే, ఆ ముక్క నువ్వు చూస్తే, ఎన్ని వేస్తుంటివి?"

లాండ్రీల మిషన్లు తిరుగుతున్నయి. కౌంటర్ కాడ ఇద్దరు నిలవడ్డరు. అబద్ధం చెప్పచ్చు. ఫోన్‌ల రాణి నన్నే చూస్తున్నది.

"ఆరే" అన్న.

"ఆ మాట ఆమెకు చెప్పు."

చెప్పిన. రాణి పయిటతోని మొఖం తుడుచుకొని, "ఇంకేమన్న చెప్పిండా సారు?" అని అడిగింది.

సార్ చెప్పిండు, నేను తెలుగు చెయ్యాల్సి వచ్చింది. "నీ పెనిమిటి లెక్క మంచిగ పెడుతడట గని మాట మంచిగ మాట్లాడడట. ఆ సంగతి తనే చెప్తున్నడని చెప్పమన్నడు."

ఆమె నవ్వింది. ఆ నెలల మొదటిసారి పండ్లన్నీ కనవడేటట్టు నవ్వింది. కౌంటర్ కాడి ఇద్దరు ఏందని తొంగి చూసిండ్రు.

సార్ లేస్తుంటే జేబుల నుంచి లెక్క రాసిన కాగితం తీసి ఇచ్చిన. దానికి అటు దిక్కు ఆయన రాసుకున్నది ఉన్నది. పొడుగు ఇంగ్లిష్ నాకు రాదు గని, రెండు నెలలు జేబుల పెట్టుకొని చూసి చూసి అది ఉత్తరం అని, ఈ పెద్దరికం నాకొద్దు, మా చిన్నాయిన కొడుక్కు ఇయ్యుండ్రి అని ఉన్నదని సమజ్ అయింది. "సార్, ఇది మీకు పనికొస్తదేమో" అన్న.

ఆయన అటూ ఇటూ తిప్పి చూసిండు. లెక్క ఉన్న దిక్కు పెన్నుతోని నాలుగును కొట్టేసి ఆరు చేసిండు. "ఉంచుకో. ముందటి దిక్కుతోని ఇంక పనిలేదు" అని నాకే ఇచ్చి అంగీలు పట్టుకొని పోయిండు.

సెలవు మీద ఊరికి పోయిన మా లాండ్రీ నగేష్ ఫిబ్రవరి రెండో బుధవారం వాపసు వస్తూ శాలువా తెచ్చిండు. సంచిల కూడ పెట్టలేదట, సిరిసిల్ల నుంచి దోహా దాక ఒళ్ళెనే పెట్టుకొని వచ్చిండట. రాణి అట్లనే తేవాలని ఒట్టు పెట్టించుకున్నది.

శుక్రవారం మాపటికి ముందు, క్లబ్బు వెనుక బీచ్‌ల జనం జమైండ్రు. అసొంటి జనాన్ని దుఖాన్ ఎన్నడు చూడలె. ముసలోళ్ళు, పడుచోళ్ళు, సంక పిల్లలు, అందరికి ఏదో ఒకకాడ ఆ గళ్ళే. మగోళ్ళు మోకాళ్ళ దాక గళ్ళ పావడాలు కట్టుకున్నరు. మా క్యాంప్ నుంచి చూడనీకి వచ్చినోళ్ళు ముందు నోళ్ళు మూసుకొని నవ్విండ్రు, తర్వాత వాళ్ళతోని ఫోటోలు దిగిండ్రు.

స్కాట్లండ్ నుంచి రావాల్సిన బ్యాగ్‌పైప్ వాయించే ఆయన జ్వరంతోని రాలేదు. ఆ తిత్తి వాయిద్యం లేకుండ పెద్ద నడిచి రావద్దట. సార్ తల పట్టుకుంటే ముజఫ్ఫర్ అలీ ముందటికి వచ్చిండు. పద్దెనిమిది ఏండ్లు పాకిస్తాన్ ఫౌజు బ్యాండ్‌ల అదే వాయించిండట. మాకెవ్వరికి తెల్వదు. గేటు కాడ కూసున్న మనిషిని ఏం వాయిస్తవని ఎవరడుగుతరు? వాయిద్యం దోహా నుంచి ఎవరిదో తెప్పిచ్చిండ్రు. ఆయన డ్యూటీ డ్రెస్సు ఇస్త్రీ నేనే చేసిన.

జనంల అందరికన్న పెద్ద, కెనడా నుంచి వచ్చిన ఫ్లోరా అమ్మ. ఎనభై ఒక్క ఏండ్లు. ఆ వంశం గళ్ళ లెక్క పుస్తకం ఆమె దగ్గరనే ఉంటదట. శాలువా కప్పుకునే ముందు తనకు చూపెట్టాలన్నది. బల్ల మీద పరిచి భూతద్దం పెట్టి చూసింది. నేను సార్ వెనుక నిలవడ్డ.

"పసుపు ఆరున్నయి" అన్నది.

"అవును, ఆరు" అన్నడు సార్.

"ఎవరు మార్చిండ్రు?"

"నేసిన ఆమె."

"నేసిన ఆమెకు మా లెక్క మార్చే హక్కు ఎక్కడిది?"

సార్ నా దిక్కు చూసిండు. నేను నాకొచ్చిన ఇంగ్లిష్ల చెప్పిన. ఊలు లావు, నూలు సన్నం, దూరం నుంచి చూస్తే నాలుగు కనవడదు. మాటలు సరిపోక రెండు శాలువాలు, పాతది కొత్తది, ఇద్దరు పడుచోళ్ళకు చెరి ఒకటి ఇచ్చి దూరం పోయి పట్టుమన్న. వాళ్ళు ఇసుకల ఇరువై అడుగులు పోయి పట్టిండ్రు.

ఆమె చెయ్యి కండ్లకు అడ్డం పెట్టుకొని చానసేపు చూసింది. "మా తాత కప్పుకుంటే గట్లనే కనవడేది. ఇప్పుడు ఆ పాత దాంట్ల రంగు వెలిసి నాకు గీత కనవడుతనే లేదు" అన్నది. సంచిల నుంచి పుస్తకం తీసి రాసింది. ఏం రాసిందని సార్‌ను అడిగితే చెప్పిండు, ఊలుకు నాలుగు, నూలుకు ఆరు.

ముజఫ్ఫర్ అలీ తిత్తి ఊదిండు. ఆ గొంతు సముద్రం దాక పోయింది. దాని వెనుక హమేషా సాబ్ నడిచి వచ్చిండు. నెత్తి మీద టోపీ, టోపీకి మూడు గద్ద ఈకలు, భుజం మీద రాణి నేసిన శాలువా. రోజు కవరాల్స్‌ల చూసిన మనిషే. గని ఆ దినం ఆయన నడక వేరే ఉండె. నేను ఫోన్ ఎత్తి పట్టిన. సిరిసిల్లల రాణి, మా బిడ్డ, సాయిబాబు, పడుగు పట్టిన ఆడోళ్ళు, అందరు ఒక్క ఫోన్ మీద పడి చూస్తున్నరు. "గీత కనవడుతున్నదా?" అని రాణి మళ్ళ మళ్ళ అడుగుతున్నది. కనవడుతున్నదని చెప్పిన.

అందరు వరుసగ నిలవడ్డరు. ఆయన ఒక్కొక్కరి కాడ ఆగి చెయ్యి ఇచ్చిండు. వాళ్ళు పేరు చెప్పాలె, ఊరు చెప్పాలె, తాతలు ఏ ఊరి నుంచి పోయిండ్రో చెప్పాలె. కొందరు ఏడ్చిండ్రు. తర్వాత కరక్ చాయ్ గిలాసలు ఎత్తి పెద్ద పేరు చెప్పి తాగిండ్రు. ఆ వరుస అయిపోయినంక ఆయన పక్కకు తిరిగి, తినేటివి పెట్టిన బల్లల కాడ నిలవడ్డ మా దిక్కు వచ్చిండు. ముందు ముజఫ్ఫర్ అలీకి చెయ్యి ఇచ్చిండు. తర్వాత నా ముందట నిలవడ్డడు.

"పేరు?" అన్నడు, వాళ్ళను అడిగినట్టే.

పదకొండేండ్లు ఆ దేశంల ఎవరడిగినా గుర్తింపు కార్డు మీది బత్తాకా నంబర్ చెప్పుడే అలవాటు. ముందు ఆ నంబరే నోటిదాక వచ్చింది.

"దూస రాజేందర్. సిరిసిల్ల. మా తాత దూస నర్సయ్య, నేతగాడు."

ఆయన చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. ఫోన్ ఇంకో చేతులనే ఉన్నది. అటు దిక్కు అందరు చూస్తనే ఉన్నరు.

ఆ దినమే ఫ్లోరా అమ్మ నూలు శాలువాలు కావాలన్నోళ్ళ పేర్లు రాసుకున్నది. ముప్పై తొమ్మిది మంది. మార్చిల రాణి బీడీల చాట ఎదిరింటామెకు ఇచ్చేసింది. ఏప్రిల్‌ల రెండో మగ్గం పడ్డది. మే నెలల హామిష్ సార్ పని అయిపోయి స్కాట్లండ్ పోయిండు. ఇప్పుడు ఆ గుట్ట కింద చిన్న ఇంట్ల ఉంటున్నడట. పోయిన నెల ఎవరిదో పొలం గెట్టు పంచాయితి తెంపిన అని మెసేజ్ పెట్టిండు.

నేను కూడ ఆ మే నెలనే లాండ్రీ విడిచిపెట్టి వచ్చేసిన. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి పగటి ఎండ. వాకిట్లనే మగ్గం చప్పుడు వినవడ్డది. సూట్‌కేసు గడప కాడ పెట్టి నిలవడ్డ. రాణి నన్ను చూసింది. నవ్వింది గని లేవలె.

"ఈ పసుపు గీత అయిపోనియ్" అన్నది. "నాడెల దారం అయిపోవస్తున్నది. చేతులు కడుక్కొని రా, నాలుగు కండెలు చుట్టి ఇద్దువు."

నేను చేతులు కడుక్కొని రాట్నం ముందట కూసున్న.